వాలిన ప్రభ కింద ఊపిరి

ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. మానేశాననడం నా మర్యాద. నేను మానిన రోజు మాస్టారు స్వీట్లు పంచారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ గట్టిగా నేర్చిన విద్య ఒక్కటే. ఎక్కం అడుగుతారేమోనని ఊపిరి బిగబట్టి కూర్చోవడం. దాన్ని వదలడం నేర్చుకోవడానికి నలభై దాటాక నరసరావుపేట ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది.

గుండె దడదడలాడుతుంటే ఇక పోతున్నాననుకునే వెళ్లాను. పరీక్షలన్నీ చేసిన డాక్టరమ్మ, గుండెకేమీ కాలేదు, ఇది భయంతో వచ్చే దడ అని తేల్చింది.

"ముక్కుతో మెల్లగా పీల్చు. ఇంకా మెల్లగా నోటితో వదులు. వచ్చే గాలినీ పోయే గాలినీ గమనించు. మనసు ఎటన్నా పోతే మళ్లీ గాలి దగ్గరికి తెచ్చుకో."

"పుట్టిన కాణ్ణుంచి ఆ పనే చేస్తన్నాగా డాక్టరమ్మా?"

"చేస్తున్నావు. చూసుకోవట్లేదు."

ఇంటికొచ్చి ఆమెను అనుకరించి అందరినీ నవ్వించాను గానీ, పొద్దున్నే మిరప చేను గట్టు మీద కూర్చుని ఆమె చెప్పినట్టే చేసేవాణ్ని. "ఏంది, తాచుపాములా బుస కొడతన్నావు?" అనేది నా భార్య.

ఆ ఏడాది శివరాత్రికి కోటప్పకొండకు మా ఊరి నుంచి ప్రభ కట్టాం. తాటిచెట్టును మించిన ఎత్తున కర్రల చట్రం, దానికి రంగు గుడ్డలు, లైట్లు. బండి మీద నిలబెట్టాక నాలుగు వైపులా మోకులు కట్టి మనుషులు పట్టుకుంటారు. ఆ లావుపాటి తాళ్లే దాన్ని పడకుండా ఆపేది. నేను తూర్పు మోకు దగ్గర ఉన్నాను.

ఊరు దాటకముందే ఒక గుడ్డ ఊడి కొట్టుకోసాగింది. బిగించి వస్తానని నా బామ్మర్ది పైకి ఎక్కాడు. సగం దాటాడో లేదో గాలి లేచింది. ప్రభ పడమటికి వాలింది. మా మోకు అరచేతుల తోలు లేపుతూ జారింది.

"లాగండ్రా! లాగండ్రా!" అని చుట్టూ ఒకటే అరుపులు.

ఇలాంటప్పుడు మావాళ్లు చేసే పొరపాటు ఒకటే. ఎవడి బలం వాడు చూపిస్తూ ఒక్కసారిగా గుంజుతారు. అటు వాలింది కాస్తా ఇటు వచ్చి పడుతుంది, పైనున్న మనిషితో సహా.

బామ్మర్ది ఒక చేత్తో కర్రను కావలించుకుని, వాలిన వైపు కాలు దించాడు. కింద సిమెంటు రోడ్డు.

"బావా, దూకేస్తన్నా!"

నా ఊపిరి ఆగిపోయింది. ఆగిందని నాకే తెలిసింది. ఆ తెలియడమే అక్కరకొచ్చింది. వదిలాను. పీల్చాను. అరుపులు అలాగే ఉన్నాయి, చేతుల మంట అలాగే ఉంది, ముక్కులో గాలి వచ్చి పోతోంది. పైకి చూసి గొంతెత్తాను.

"ఒరేయ్, దూకబాక! కిందికి చూడబాక, కర్ర వంక చూడు. ముక్కుతో పీల్చు... ఇప్పుడు నోటితో వదులు. నాతో పాటు. పీల్చు... వదులు..."

దించిన కాలు మెల్లగా వెనక్కి పోయింది. నా వెనక మోకు పట్టినవాళ్లు కూడా ఎందుకో నాతో పాటే పీల్చి వదలసాగారు. ఊపిరి వదిలినప్పుడల్లా ఒక జానెడు లాగాం. అంతే, జానెడు. గాలి ఇంకా కొడుతోంది, కర్రలు కిర్రుమంటున్నాయి. ఎవరూ గుంజలేదు. పీల్చు, వదులు, జానెడు. ఎదురుగా పడమటి మోకు మళ్లీ బిగిసేదాకా అలాగే లాగాం. ప్రభ నిలబడింది.

బామ్మర్ది దిగి వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఒకరు నీళ్లు తాగించారు. నా నోరు ఊరుకోదు కదా.

"చూశావంట్రా, నా మాట ఇంటే ఎంత లాభమో?"

వాడు మూతి తుడుచుకుని నా వంక చూశాడు.

"లాభమా? అక్కను నీకిచ్చిన కాణ్ణుంచి ఎకసెక్కం లేకుండా నువ్వొక్క మాట మాట్టాడింది ఇయ్యాలే బావా. అది ఇనేసరికే నా పని అయిపోయిందనుకున్నా!"