నూకల మీద వల

నా చిన్నప్పటి ఈ సంగతి ఎన్నడో రాయాల్సింది. రాయలేకపోయాను, నాకు అప్పటికి అక్షరాలు రావు గనక. తల నెరిశాక, మా వీధిలో పిల్లలకు ట్యూషన్ చెప్పే టీచరమ్మ నన్ను కూడా వాళ్ళ పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు రాయడం నేర్పింది. చిన్నప్పుడు ఎందుకు చదువుకోలేదని ఆమె అడిగితే, "మా నాయన కాకుల పేరు చెప్పాడు" అన్నాను. పిల్లలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మద్రాసు వాషర్‌మెన్‌పేటలో మా ఇంటి వెనక ఇరుకు పెరడు. అందులో కోళ్ళు పెంచేవాళ్ళం. నూకలూ తవుడూ కలిపి పళ్ళెంలో పెట్టడమే ఆలస్యం, కాకులూ పావురాలూ గోడ మీదికి దిగేవి. కోళ్ళు ముక్కు పెట్టేలోగా పళ్ళెం ఖాళీ. నాయన ఒక కర్రకు నల్లగుడ్డ కట్టి నిలబెట్టాడు. కొన్నాళ్ళకే కాకులు దాని మీదే కూర్చుని అరవడం మొదలుపెట్టాయి. అప్పుడు ఆ గుడ్డ తీసేసి, దాని చోట నన్ను కూర్చోబెట్టాడు.

తమ్ముడు పలక పట్టుకుని బడికి పోయేవాడు. నేను కర్ర పట్టుకుని పెరట్లోకి పోయేదాన్ని. నేనూ బడికి పోతానని ఏడిస్తే, "నువ్వు పోతే ఈడ కాకుల్ని ఎవరు తోల్తారే?" అనేవాడు నాయన. నేను ఆ మాట నమ్మాను. అందుకే నా కోపమంతా కాకుల మీదే. రాళ్ళు విసిరేదాన్ని, నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని.

పక్కింటి అక్క గోడ అవతల నుంచి అవన్నీ వినేది. కాశిమేడు చేపల రేవులో వలలు బాగుచేయడం ఆమె పని. ఒక సాయంత్రం పాత వల ఒకటి భుజాన వేసుకుని మా పెరట్లోకి వచ్చింది.

"ఏమ్మే, పొద్దస్తమానం ఆ కాకిని తిడతా ఉండావు. ఏం చేసింది నిన్ను?"

"దానివల్లే నేను బడికి పోలా."

"అట్నా? సరి, ముందు కాకిని తీసేద్దాం. తర్వాత ఎవరు మిగుల్తారో చూద్దువుగాని."

పెరటి మూల కర్రలు పాతి, వాటి మీద వల పరిచి చుట్టూ నేలదాకా దించింది. "బిగించి పట్టుకోవే. వదులుగా ఉంటే నీ కోడి కాలే చిక్కుద్ది" అని నన్ను కసిరింది. ఒక పక్క మాత్రం నేలకు జానెడు ఎత్తున వదిలి, పళ్ళెం లోపలికి జరిపింది. కోళ్ళు వంగి దూరతాయి. తల పైకెత్తి ఎగిరిపోవడానికి దారి లేని చోటికి కాకి గానీ పావురం గానీ రావడానికి జంకుతుందని చెప్పింది.

తెల్లారి అట్లాగే జరిగింది. కాకులు గోడ మీద కూర్చుని గోల చేశాయి గానీ దిగలేదు. నేను తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి పావడా కట్టుకుని నాయన ముందు నిలబడ్డాను. కాకులు రావడం లేదు, బడికి పోతానన్నాను.

నాయన వెళ్ళి వలను లాగి చూశాడు. "బాగుండాది" అన్నాడు. "అయితే బిందె తీసుకుని పంపు కాడికి పో. నీళ్ళు ఎవరు పట్టుకొస్తారు?"

గోడ అవతల నుంచి అక్క గొంతు లేచింది. "అన్నా, ఇప్పుడు పంపుకి కూడా వల కట్టాల్నా?"

"నీ పని నువ్వు చూసుకో మే" అన్నాడు నాయన. అక్క గోడ మీదుగా నా వైపు తిరిగింది. "చూసినావా? ఇంక కాకిని తిట్టబాక."

నాయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నేను చెప్పను. ఆడపిల్లకు చదువెందుకని ఒక్కసారి నోరు తెరిచి అని ఉంటే, ఆయనతో పోట్లాడేదాన్ని. అనలేదు. అంత మనిషి పక్షుల వెనక దాక్కున్నాడు. నా కోపాన్ని వాటి మీదికి తోలి, తను హాయిగా అన్నం తిన్నాడు.

అక్క నేర్పింది మాత్రం నాతోనే ఉంది. ఎవరైనా ఒక అడ్డంకి చూపిస్తే, ముందు దాన్ని తీసేసి, ఇంకేం మిగిలిందో చూస్తాను. నా కూతుర్ని కాలేజీకి పంపే మాట వచ్చినప్పుడు, బస్సుల్లో రద్దీ, వద్దన్నారు ఇంట్లోవాళ్ళు. నేనే రోజూ దాన్ని బస్సెక్కించి, కూడా వెళ్ళి దించి వచ్చాను. ఇంక చెప్పడానికి వాళ్ళకు మాట మిగల్లేదు.

చిన్నప్పుడు నాయన ఆ పంపు మాట అన్న మర్నాడు పొద్దున, ఆయన చూస్తుండగానే, పిడికెడు నూకలు తీసి గోడ మీద పోశాను. కాకులు వచ్చి తింటుంటే తోలలేదు. అవి తినడం అయ్యేదాకా నిలబడి చూసి, అప్పుడు బిందె ఎత్తుకున్నాను.