నన్ను నిద్రకు పిలిచిన ఇల్లు

మొన్న మా అపార్ట్‌మెంట్లో నాలుగో అంతస్తు ఆవిడ భర్త పోతే వాట్సాప్‌లో వరుసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి, వాటి వెంటే నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న ప్రశ్నా వచ్చింది. కర్మ అయిన మర్నాడే ఆవిడ బ్యాగు తగిలించుకుని లిఫ్టులో కనబడి, ఆఫీసుకండీ అని నవ్వబోయింది. పాతకాలం దాన్ని కనుక ముందు ఉలిక్కిపడ్డాను, ఆ తరువాత, అబద్ధమెందుకు, అసూయపడ్డాను.

మా ఆయన పోయింది తొంభైల్లో, మేము మంగళగిరిలో ఉన్నప్పుడు. మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ నేస్తూ గుండె పట్టుకున్నారు, ఆటోలో విజయవాడ తీసుకెళుతుంటే కృష్ణ దాటకముందే అయిపోయింది. మా నేతగాళ్ళ ఇళ్ళలో అప్పటి ఆచారం ప్రకారం నన్ను నడిగదిలో ఒక మూల చాప వేసి కూర్చోబెట్టారు. ఎదురుగా గుమ్మంలోంచి మగ్గం మీద ఆయన సగం నేసి వదిలిన చీర కనబడుతూ ఉండేది. దాన్ని కోయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, చూపు తిప్పుకోవడానికి నాకు మరో చోటు లేదు.

పలకరించడానికి వచ్చేవాళ్ళు వీధి మొదట్లోనే శోకం అందుకునేవారు. వాళ్ళ మనసు మంచిదే, కాదనను, కానీ వచ్చిన ప్రతివాళ్ళకీ అంతా మొదటినుంచి చెప్పాలి. నొప్పి ఎప్పుడొచ్చింది, మంచినీళ్ళు అడిగారా, ఆఖరి మాట ఏమన్నారు. ఒకావిడ అయితే ఆ పొద్దున పిల్లి ఎదురొచ్చిందా అని కూడా ఆరా తీసింది. చెప్పగా చెప్పగా మా ఆయన చావు నాకే ఎవరి కథో అయిపోయింది. ఏడుపు రాకపోతే రాయి అనేవారు, వస్తే అందరూ మీద పడి ఓదార్చేవారు. గాలి ఆడేది కాదు. ఈ గదిలోనే నాకు పిచ్చెక్కుతుందని నిజంగా భయపడ్డాను.

పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది, ఆ ఇంటావిడను అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్ళం. భర్త పోయాక జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుకొచ్చిన మనిషి. ఆవిడ ఒక్కతే నన్నేమీ అడగలేదు. గోంగూర కట్టలు తెచ్చి, సగం నా ముందు పడేసి, మాట్లాడకుండా ఆకు ఒలుచుకుంటూ కూర్చునేది. చావింటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తాననకూడదని మనవాళ్ళందరికీ తెలుసు కదా, ఆవిడ మాత్రం, తెలియకో తెలిసో, కొంగు దులుపుకుని రేపొస్తానే అని గట్టిగా చెప్పి మరీ పోయేది. చుట్టాలు బుగ్గలు నొక్కుకునేవారు. నేను ఆ రేపు కోసం కాచుకుని ఉండేదాన్ని.

పెద్దకర్మ అయ్యాక పుట్టింటివాళ్ళు వచ్చి, ఆడపిల్లను తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి పడుకోబెట్టి పంపాలి. దాన్నే నిద్ర అంటారు. అది అయితేగాని ఆమె మరొకరి గడప తొక్కడానికి లేదు. నాకు పుట్టిల్లంటే గన్నవరం దగ్గరున్న అన్నయ్య ఒక్కడే. వాళ్ళమ్మాయికి ముహూర్తం పెట్టుకున్నామని, పెళ్ళి ఇంటికి ఇప్పుడు నన్ను తీసుకెళ్ళలేనని కబురంపాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. పెళ్ళయ్యేదాకా నేను ఆ గదిలో ఉండాల్సిందేనని, ఆ తరువాతైనా పిలుస్తారో లేదోనని, ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు ఆపా గోంగూర తేలేదు. తిన్నగా మా అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

“పిన్నిగారూ, కోడల్ని ఇయ్యాళ మా ఇంటికి నిద్రకి పంపండి.”

అత్తగారు తెల్లబోయారు. “మీలో ఈ పద్ధతి లేదుగా అమ్మా?”

“లేదండీ. మాకు నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు. నేను కూర్చున్నా కాబట్టే అడుగుతున్నా.”

చుట్టాల్లో ఒకావిడ ఏదో అనబోయింది. అత్తగారు చెయ్యెత్తి ఆపారు. ఆవిడా చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి, ఆ సంగతి ఎన్నడూ నోరెత్తి చెప్పి ఎరగరు.

“నన్నెవరూ పిలవలేదమ్మా,” అన్నారు. “దీన్నన్నా తీసుకెళ్ళు.”

ఆపా వెనకే గడప దాటాను. ఆపా నులకమంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, తన మిషను ముందుకి పోయి కూర్చుంది. ఆ చప్పుడు వింటూ ఒరిగినదాన్ని, లేచేసరికి కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతోంది. అన్నాళ్ళకు అదే నేను నిద్రపోవడం. టీ గ్లాసు చేతికిచ్చాక అప్పుడు ఏడ్చాను, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేని ఏడుపు. ఆపా కుట్టుకుంటూనే ఉంది.

ఇప్పుడు మూల కూర్చోబెట్టేవాళ్ళు తగ్గారు, మహా మంచిదైంది, ఆ గది పగవాళ్ళకైనా వద్దు. ఆ మగ్గాలూ లేవు, ఆ ఇల్లు అమ్మేసి నేను బెజవాడలో కూతురి దగ్గరికి వచ్చేశాను. అయినా నాలుగో అంతస్తు ఆవిడ పొద్దున్నే అలా చకచకా వెళ్ళిపోతుంటే, రాత్రిళ్ళు ఆ అమ్మాయికి కన్ను మూతపడుతోందో లేదోనని నాకు దిగులు. ఒక్క రాత్రి మనింటికి పిలుద్దామా అని మనవరాలితో అంటే, అదేంటి అమ్మమ్మా, ఆంటీ వాళ్ళింట్లో మంచం ఉంటుందిగా అంది.

ఉంటుందమ్మా. మా ఇంట్లోనూ ఉండేది.