ఎవరో తలుచుకుంటున్నారు

మా వంటింటి అరలో ఒక తెల్లడబ్బా ఉంది. మూత తీస్తే గంజి పెట్టి ఆరేసిన చీర వాసన వస్తుంది. అందులోని పొడి కలిపితే మంచినీళ్ళు చిక్కబడి జారుడుగా తయారవుతాయి. అవే నా మంచినీళ్ళు. మొన్న శ్రావణంలో పక్షవాతం వచ్చి పోయాక చెయ్యీ కాలూ తిరిగొచ్చాయి గానీ గొంతు మాత్రం ఇంకా అలిగే ఉంది. పల్చని నీళ్ళు తాగితే దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయట. చిత్తూరులో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. వాళ్ళు భోజనాలకు కూర్చునే ముందే నాకు పెట్టేసి, నా గది తలుపు దగ్గరగా వేస్తారు. కూర వాసన తగిలితే నా ప్రాణం ఉసూరుమంటుందని ప్రేమతోనే వేస్తారు. తలుపు కింది సందుకు ఆ సంగతి తెలియదు. సంగటి వండిన రోజు ఆ వాసన నేరుగా నా మంచం దగ్గరికే వస్తుంది.

పూతలపట్టు దగ్గర మా ఊళ్ళో చెనక్కాయలు పెరికే కాలంలో ఇల్లంతా పచ్చిమట్టి వాసన, చలికాలంలో గానుగ దగ్గర బెల్లం కాగే వాసన, ఎండాకాలంలో గడ్డిలో మాగేసిన మామిడికాయల వాసన, గంగజాతర నాడు ఉల్లిపాయ తరిగేసిన అంబలి పులుపు, ఇలా కాలానికొకటి వచ్చిపోతున్నా పొద్దుగూకేసరికి ఇంట్లో రాగి సంగటి వాసన మాత్రం తప్పేది కాదు. మా అవ్వ కుండను కాళ్ళ మధ్య బిగించుకుని కట్టెతో గెలికి, చేతికి నీళ్ళు తడుపుకుంటూ ఆవిరి పొగలోనే ముద్దలు చేసేది. అచ్చనగాయలు ఆడి ఆడి మట్టిచేతులతో వచ్చిన మమ్మల్ని కసిరి, కడుక్కురమ్మని తరిమి, తాతకు అటూ ఇటూ కూర్చోబెట్టేది.

తాత సంగటి తినడం చూసి తీరాల్సిన ముచ్చట. ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, ఉలవచారులో ముంచి నోట్లో వేసుకుంటే గొంతుముడి ఒక్కసారి పైకి లేచి కిందికి దిగేది, అంతే. మాలో ఎవరైనా నమిలితే ఊరుకునేవాడు కాదు.

"పండ్లకు పని పెట్టగూడదు పాపా, గొంతుకు ఇడిసిపెట్టల్ల. నమిలితే అది సంగటెట్ల అవుతాది?"

ఒక ఏడాది చెనక్కాయలు ఇంటికి చేరిన రోజుల్లో తాతకు అన్నం దగ్గర పొలమారడం మొదలైంది. అవ్వ నెత్తిన తట్టి "ఎవురో తలుసుకుంటా ఉండారు" అనేది. ఎవరో కనిపెట్టడం మా పిల్లల ఆట. మేము తలా ఒక పేరు అరిచేవాళ్ళం. ఏ పేరు దగ్గర దగ్గు ఆగితే వాళ్ళే తలుచుకున్నట్టు. మొదట్లో అప్పుడప్పుడు వచ్చే దగ్గు రానురాను ముద్దముద్దకూ వచ్చింది. మా పేర్లన్నీ అయిపోయాయి. చివరికి అవ్వే తేల్చింది, చంద్రగిరిలో ఉన్న తాత వాళ్ళ అక్కేనని. ఏదో పెళ్ళిలో తనను సరిగా పలకరించలేదని ఆమె అలిగి, ఏళ్ళుగా మా గడప తొక్కలేదు. తాత కళ్ళలో నీళ్ళు కారుతున్నా మురిసిపోయాడు. "సూడు, అక్క నన్ను మరిసిపోల్యా" అని నాయనను పంపి ఆమెను పిలిపించాడు.

ఆమె బెల్లంతో వండిన నిప్పట్ల మూటతో బస్సు దిగింది. అక్కాతమ్ముళ్ళు చేతులు పట్టుకుని ఏడ్చారు. ఆ సాయంత్రం సంగటి, నాటుకోడి పులుసు. ఆమె తాతకు ఎదురుగానే కూర్చుంది. మొదటి ముద్దకే తాతకు పొలమారింది. ముఖం నల్లబడి కళ్ళు ఎర్రబడేదాకా దగ్గాడు. నెత్తిన తట్టబోయిన అవ్వ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"అక్కా, నువ్వు ఈడనే ఉండావు గదా," అన్నాడు తాత ఊపిరి కూడగట్టుకుని. "మరి నన్ను తలుసుకునేది ఎవురు?"

మర్నాడు నాయన తాతను ఆసుపత్రికి తీసుకుపోయాడు.

చిత్తూరు డాక్టరు గొంతు నరాలు పట్టు తప్పాయని, గట్టి తిండి వద్దని చెప్పి పంపాడు. తాత మంచం చెనక్కాయల మూటలు వేసే గదిలోకి మారింది. గంజి తప్ప ఏమీ లేదు. మేము తినేటప్పుడు ఆ తలుపు మూసేసేవాళ్ళు. పళ్ళేలు చప్పుడు చెయ్యకూడదు, మాట్లాడుకోకూడదు.

"ఈ పొద్దు ఏం కూర?" అని లోపలినుంచి అడిగేవాడు.

"కూరేం ల్యా, అందరం గంజే తాగతా ఉండాం" అనేది అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఉలవల వాసనొస్తా ఉండాదే" అనేవాడు.

నీకేం కావాలని తాతను అడిగినవాళ్ళు లేరు. ఆ మూటలు అంగడికి వెళ్ళేలోపే తాత పోయాడు. ఇప్పుడు తలుపుకు ఇటు పక్క నేనున్నాను కాబట్టి తెలుస్తోంది. ఆయన అడిగింది కూర గురించి కాదు.

పోయిన వారం తిరుపతి ఆసుపత్రిలో, మింగడం మళ్ళీ నేర్పించే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని అడిగింది. "ఏం తినాలనుందమ్మా? ఎవరితో తినాలనుంది?" నాకు దుఃఖం ఆగలేదు.

"ఏం పెట్టినా సరే పాపా, తలుపు మాత్రం మూయగూడదు. అందురితో కూసోని తినల్ల."

ఆమె మా అబ్బాయినీ కోడలినీ లోపలికి పిలిచింది. నిటారుగా కూర్చోవాలి, గడ్డం రొమ్ముకు ఆనించి మింగాలి, నోట్లో ఉండగా మాట్లాడకూడదు అని నాతో చేయించి వాళ్ళకు చూపించింది. సంగటి మాత్రం ఇప్పుడే కాదంది.

నిన్న సాయంత్రం అందరితో పాటు కూర్చున్నాను. వాళ్ళకు సంగటి, నాకు చెంచాతో చిక్కటి రాగిజావ. ఇప్పుడు కుండా లేదు, గెలికే కట్టే లేదు, కుక్కరొచ్చింది. వీళ్ళు సంగటిని శుభ్రంగా నములుతారు, వద్దనేవాళ్ళూ లేరు. సగం గిన్నె బాగానే దిగింది. తర్వాత పొలమారింది. అందరి చేతులూ ఆగిపోయాయి. అబ్బాయి ముఖం పాలిపోయింది. కోడలు సగం లేచి నా గది తలుపు వైపు చూసింది.

దగ్గు తెరిపి ఇచ్చింది. నా నెత్తిన తట్టాలని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. నా చెయ్యి నేనే ఎత్తి తట్టుకున్నాను.

"ఏంటది అవ్వా?" అంది మనవరాలు.

"మా తాత తలుచుకుంటా ఉండాడు" అన్నాను, చెంచా మళ్ళీ తీసుకుంటూ.

కోడలు తలుపు వైపు నుంచి చూపు తిప్పుకుంది. తర్వాత కూర్చుని తన ముద్ద తుంచుకుంది.