నన్ను అడగని బొమ్మ

మా బావ నా ముఖం ఎన్నడూ సరిగ్గా చూసి ఉండడు. పెళ్లయి పదిహేనేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే పొయ్యి మీద వండింది తిన్నాం, అయినా చూసి ఉండడు. బావ అంటే మా ఆయన అన్న. మా అత్తగారింట్లో తమ్ముడి భార్య నెత్తి మీద కొంగు లేకుండా బావ ముందుకు రాకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. మరదలు ఎదురుపడితే ఆయన కూడా తల దించుకోవాలి. ఈ కాలంలో నాందేడ్‌లో ఇవన్నీ ఎవరు పాటిస్తారని మీరు అడగొచ్చు. మా ఇల్లు పాటిస్తుంది. ఊళ్లోని వజీరాబాద్ బజారులో తాళ్లు, పారలు, టార్పాలిన్లు అమ్మే దుకాణం మాది. తాతల నాటి దుకాణం, తాతల నాటి పద్ధతులు.

మాట లేకుండా ఒక ఇంట్లో ఎలా గడుస్తుందంటే, గడుస్తుంది. మొదట్లో మా అక్క ఉండేది, అంటే బావ భార్య. నేను అక్కకు చెప్తే అక్క ఆయనకు చెప్పేది. నాలుగేళ్ల కింద జబ్బు చేసి అక్క పోయింది. ఆ తర్వాత నా కూతురు మా మధ్య కబుర్లు మోసింది. పిల్ల బడికి పోయినప్పుడు మాత్రం గోడే దిక్కు. "టీ సల్లారుతున్నది," అని నేను గోడకు చెప్పేదాన్ని. "జెర శక్కెర తక్కువేస్తే మంచిగుంటది," అని ఆయన గడపకు చెప్పేవాడు. గోడలకు చెవులుంటాయని అందరూ భయపడతారు. మా ఇంట్లో ఆ చెవులే లేకపోతే ఎవరికీ టీ సరిగ్గా కుదిరేది కాదు.

బావ ఒక మరాఠీ బడిలో డ్రాయింగ్ మాస్టరు. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి ఇల్లు. అక్క పోయాక ఆయన బొమ్మలు మారిపోయాయి. అంతకుముందు గోదావరి ఘాట్లు, సంతలో ఎడ్లు, ఇలాంటివి గీసేవాడు. బడివాళ్లు గోడకు తగిలించుకునేవాళ్లు. తర్వాత ఇల్లు గీయడం మొదలుపెట్టాడు. కూర్చుని తలలు ఆనించీ ఆనించీ గోడ మీద పడ్డ నూనె మరక. తీగ మీద ఆరేసిన మా ఆయన చిల్లుల బనీను. అక్క పడుకున్న పరుపులో పడ్డ గుంట. ఇప్పటి చిత్రకారులు ఇలాగే గీస్తున్నారట, ఇంట్లో మనం వచ్చినవాళ్లకు చూపించనిదే వాళ్లు చూపిస్తారట. ఈ సంగతి పిల్ల ఆయన దగ్గర విని వచ్చి నాకు చెప్పింది.

"పరుపు గుంటను గీసుడేందే," అని నవ్వాను గానీ, ఆ బొమ్మ చూశాక నవ్వు రాలేదు. అక్క ఎప్పుడూ గోడ వైపు ఒత్తిగిలి పడుకునేది. ఆ సంగతి కూడా ఆ గుంటలో ఉంది. మనిషి లేకుండానే మనిషిని గీయొచ్చని నాకు అప్పుడు తెలిసింది. మా బావ అంటే నాకు గౌరవం పెరిగింది, ఆ మాట గోడకు కూడా చెప్పలేదు.

పోయిన ఎండాకాలం ఊళ్లోని నలుగురు చిత్రకారులు కలిసి ఒక హాలు తీసుకుని ప్రదర్శన పెట్టారు. నాలుగు రోజులు, అందరి బొమ్మలూ ఇంటి గురించే. మా బావవి ఎనిమిది. నాకు గర్వమనిపించింది, దాచుకోను. నేను బాల్వాడీలో పిల్లలకు పాఠాలు చెప్తాను. నాతో పనిచేసే ముగ్గురు టీచర్లను నేనే పట్టుబట్టి పిలిచాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నానన్నమాట. పెట్టెలోంచి ఇర్కల్ చీర తీసి కట్టుకున్నాను. మా ఆయన దుకాణం మూసి తెల్ల చొక్కా వేసుకున్నాడు. అందరం రెండు ఆటోల్లో వెళ్లాం.

హాలులో చల్లగా ఉంది. నూనె మరక దగ్గర టీచర్లు తమ ఇంటి గోడల గురించి మాట్లాడుకున్నారు. బనీను దగ్గర మా ఆయన సిగ్గుపడ్డాడు, కానీ రెండుసార్లు చూసుకున్నాడు. పరుపు దగ్గర అందరూ గొంతు తగ్గించారు. చివరి గోడ మీద అన్నింటికన్నా పెద్ద బొమ్మ ఒక్కటే ఉంది.

దర్వాజ పక్కన కింద కూర్చున్న ఒక ఆడమనిషి కాళ్లు. చీలమండల దాకే ఉన్నాయి, మడమలు మన వైపు తిరిగి ఉన్నాయి. ఒక్కో పగులూ లోతుగా దిద్దాడు. ఎడమ మడమ పగుళ్లలో తెల్లగా ఏదో నింపి ఉంది. చీర అంచు కుట్టు ఊడి నేలకు వేలాడుతున్నది. కింద చిన్న కాగితం మీద మరాఠీలో 'ఘర్చీ లక్ష్మీ' అని రాసి ఉంది, అంటే ఇంటి లక్ష్మి అని.

ఆ తెల్లటిది మైనం. పెట్టుకున్నదాన్ని నేనే కాబట్టి నాకు తెలుసు. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు, కొవ్వొత్తి మైనాన్ని కొబ్బరినూనెలో కరిగించి పగుళ్లలో నింపుకుంటాను. మా పుట్టిల్లు కర్ఖేలి. చిన్నప్పటి నుంచీ రేగడిలో పత్తి ఏరిన కాళ్లు ఇవి. ఎండలు ముదిరితే మా చేను ఎలా నెర్రెలిస్తుందో ఇవీ అలాగే నెర్రెలిస్తాయి. నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు కాళ్లు చీర కిందికి మడుచుకుని కూచోమని మా అమ్మ ముందే చెప్పి పెట్టింది. మా ఆయన పక్కన పడుకున్నా దుప్పటి పాదాల మీదికి లాక్కుంటాను. ఒళ్లంతా తెలిసిన మొగుడి ముందు మడమలకు సిగ్గేమిటంటే, సిగ్గే. ఎవరి సిగ్గు ఎక్కడుంటుందో వాళ్లకే తెలుసు.

"అమ్మా, గివి నీ కాళ్లే గద," అంది నా కూతురు. అది మామూలుగానే అంది, కాకపోతే దాని మామూలు గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. ముగ్గురు టీచర్లూ బొమ్మ చూశారు. తర్వాత నా కాళ్లు చూశారు. అటు నిలబడ్డ ఇంకో నలుగురు కూడా చూశారు. నేను కుచ్చిళ్లు కిందికి లాగాను, లాగితే నడుం దగ్గర ఊడొచ్చాయి. ఒక టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నవ్వడానికి నాకు తోటికోడలు లేకపోయినా టీచర్లున్నారు.

ఇంతలో ఒకావిడ వచ్చి నా పక్కనే నిలబడింది. ఎవరో చదువుకున్నావిడ. తన వెంట వచ్చినాయనతో మరాఠీలో చెప్తున్నది, ఎంత దగ్గరితనం, ఎంత నిజాయితీ, ఇంటి మనిషి బలహీనతను దాచకుండా ఎలా పెట్టాడో చూడమని. నిజాయితీ ఆయనదే కావచ్చు, మడమలు మాత్రం నావి. ఆమె కాళ్ల వంక చూశాను. బూట్లు వేసుకుని ఉంది.

తల తీసేసినట్టయింది నాకు. హాలు ఆ చివర మా బావ ఎవరితోనో మాట్లాడుతూ నా వైపు తిరిగి, అలవాటు ప్రకారం తల దించుకున్నాడు. ఆ దించుకున్న తల చూస్తే ఇంకా మండింది. పదిహేనేళ్లు మర్యాద అనుకున్నానే, తల దించి ఆయన చూసింది ఇవన్నమాట.

మర్నాటి నుంచి ఇంట్లో సాక్సులు వేసుకుని తిరిగాను. అది మే నెల. కూలర్ ముందు కూర్చున్నా చెమటలు కారే రోజులు. టీ గ్లాసు గడప మీద పెట్టి వచ్చేదాన్ని, గోడతో ఒక్క మాట లేదు. బావ నా సాక్సులు చూశాడు, చూడక ఏం చేస్తాడు. ఆ వారమంతా ఆయన బొమ్మలు గీసే పుస్తకం తెరవలేదని పిల్ల చెప్పింది.

ప్రదర్శన అయిపోయి బొమ్మలు ఇంటికి వచ్చిన రోజు మా ఆయన కదిలించాడు.

"కాళ్లే గద, ముఖం గాదు గద. గింత పట్టింపేందే?"

"ముఖమైతే మంచిగుంటుండె. జెర పౌడరన్న రాస్కుందును."

ఆయన నవ్వాడు, నేను నవ్వలేదు. అప్పుడు నన్ను సముదాయించడానికి ఇంకో మాట చెప్పాడు. "అన్న ఊకెనే గియ్యలే. అడిగే గీసిండు."

"ఎవర్ని అడిగిండు?"

"నన్ను."

నేను మళ్లీ అడిగాను. ఆయన మళ్లీ అదే చెప్పాడు. మరదలు కాళ్లు గీయాలని ఉంది, గీయనా అని అన్న అడిగాడట, గియ్యి, ఏమైతది అని తమ్ముడు అన్నాడట.

"గవి నీ కాళ్లా?" అన్నాను.

"నువ్వు నా పెండ్లానివి గద."

ఆయన చెడ్డవాడు కాదు. పాపం నిజంగానే అర్థం కాక నా ముఖం చూశాడు. బావ కూడా, మా ఇంటి లెక్క ప్రకారం, తప్పేమీ చేయలేదు. మరదలితో మాట్లాడకూడదు కాబట్టి తమ్ముణ్ని అడిగాడు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా ఇంట్లో అడగడానికి ఎవరూ మొహమాటపడలేదు, కాకపోతే అడగాల్సిన మనిషిని వదిలేశారు. అప్పటిదాకా నేను పడ్డది సిగ్గు. ఆ మాట విన్నాక మాత్రం కోపమొచ్చింది. కోపమొచ్చాక సిగ్గు నిలవదు, ఆ సాయంత్రమే సాక్సులు విప్పి బకెట్లో పడేశాను.

పది రోజుల తర్వాత మా ఆయన భోజనం దగ్గర కబురు చెప్పాడు. పూణెలో పెద్ద ప్రదర్శన ఉందట, అన్న బొమ్మ ఒకటి పంపమన్నారట. వాళ్లకు కావలసింది ఆ కాళ్ల బొమ్మేనట.

"మల్ల నన్నడిగిండు, పంపాల్నా అని. ఇంక ఏం చెప్పలే. పంపుమంట తీయ్."

"ఏం చెప్పకు," అన్నాను. "నేనే చెప్త."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "నువ్వెట్ల చెప్తవు?"

ఎలా చెప్తానో నాకూ తెలియదు. బాల్వాడీలో ముప్పై మంది పిల్లల్ని ఒక్క గద్దింపుతో కూర్చోబెట్టే దాన్ని, రెండు రోజులు వంటింటికీ ముందుగదికీ మధ్య తిరిగాను. ఏం కావాలో మాత్రం నాకు స్పష్టంగా తెలుసు. ఆ బొమ్మ పోతుందా ఉంటుందా అన్నది కాదు, దాని గురించి నన్ను అడగాలి. అది కూడా ఆయనే అడగాలి.

ఆదివారం మధ్యాహ్నం బావ ముందుగదిలో చాప మీద కూర్చుని పెన్సిళ్లు చెక్కుకుంటున్నాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. నెత్తి మీద కొంగు తీయలేదు, నేను వచ్చింది దాని కోసం కాదు.

"బావా," అన్నాను.

చెక్కుడు ఆగింది. నేను పిల్లతో మాట్లాడుతున్నాననుకుని అటూ ఇటూ చూశాడు. పిల్ల లేదు.

"మీకే చెప్తున్న. గా బొమ్మ సంగతి నన్ను అడుగుండ్రి."

ఆయన చాకు చాప మీద పెట్టాడు. తిరిగి వెళ్లిపోదామా అనిపించింది. అప్పుడు తల దించుకునే మాట్లాడాడు.

"తప్పయింది బిడ్డా. నీ ముఖం నాకు తెల్వది. పదిహేనేండ్ల సంది నువ్వంటే నాకు గా కాళ్లే. మీ అక్క మంచం పట్టినప్పుడు రోజుకెన్నిసార్లు గీ దర్వాజ దాటి లోపటికచ్చినయో నేను చూసుకుంట కూసున్న. ఒకనాడు నువ్వు ఆమెకు తానం చేయించి పోతుంటె నీ మడిమెల నెత్తురు బండల మీద అంటింది. నీకు ఎరుకనే లేదు. నేనే తుడిసిన. గది యాదిల వెట్టుకొని గీసిన."

నాకు నిజంగానే ఎరుక లేదు. ఆ రోజుల్లో నా కాళ్ల సంగతి ఎవరికి పట్టింది, నాకే పట్టలేదు. పట్టించుకున్నవాడు ఒకడు ఆ గదిలో ఉన్నాడని కూడా తెలియదు. ఆ బొమ్మలో ఆయన నన్ను అవమానించలేదని నాకు అర్థమైంది. అయినా నన్ను అడగలేదన్నది అలాగే ఉంది.

అప్పుడాయన తల ఎత్తాడు. నాకు కళ్లద్దాలు వచ్చి ఆరేళ్లయింది, ఆయన వాటిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"అడుగుతున్న బిడ్డా. నీ కాళ్ల బొమ్మ పూణెకు పంపాల్నా, వద్దా?"

నిజం చెప్తాను. పంపుండ్రి అనాలనే వచ్చాను నేను. ఒక్కసారి అడిగించుకుని, పెద్దమనసు చేసుకుని ఒప్పుకుందామనుకున్నాను. నెత్తురు సంగతి విన్నాక అయితే అనాల్సిందే కూడా. కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"వద్దు," అన్నాను.

అని, ఇక మొదలవుతుంది కదా అని కాచుకున్నాను. వద్దంటే ఎట్ల అని, మంచి అవకాశమని, మళ్లోసారి ఆలోచించుమని. మా ఇంట్లో నా 'వద్దు' తర్వాతే అసలు మాటలు మొదలవుతాయి, చివరికి నేను సరేనన్నాకే ఆగుతాయి.

బావ "సరే" అన్నాడు. పక్కన పెట్టిన ఫోను తీసి అప్పటికప్పుడే పూణెకు చేశాడు. ఆ బొమ్మ రావడం లేదని మరాఠీలో చెప్పాడు. అవతలివాళ్లు ఎందుకని అడిగినట్టున్నారు. ఎవరి కాళ్లో ఆమె వద్దన్నది, అంతే అని చెప్పి పెట్టేశాడు.

మా ఆయన ఎప్పుడొచ్చాడో నా వెనక నిలబడి ఉన్నాడు. "ఏందే అన్నా, చేతికచ్చినదాన్ని గట్ల ఇడుస్తవా. నేను ఊ అంటుంటి గద."

"నిన్ను అడుగుడే నేను చేసిన తప్పు," అన్నాడు బావ. చాకు తీసుకుని మళ్లీ పెన్సిల్ చెక్కుకోవడం మొదలుపెట్టాడు.

మా ఆయన నా వైపు చూశాడు. వంటింట్లోకి వెళ్లి, పని లేకపోయినా కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ ఏడ్చాను. ఆ ఇంటికి వచ్చిన పదిహేనేళ్లలో, నేను వద్దన్నాక ఎవరూ రెండో మాట అడగకపోవడం అదే మొదటిసారి.