మా లచ్చుమత్త ఆకు వేసిన గది

మా చిన్నప్పుడు... హోసూరు దగ్గర అత్తిముగంలో మా ఇంటి వెనక గదిలో పట్టుపురుగులు ఆకు తింటుంటే, పెంకుల మీద సన్నగా వాన పడుతున్నట్టే ఉండేది. ఆ చప్పుడు మధ్య కూర్చుని మా లచ్చుమత్త తట్టల్లో మల్బరీ ఆకు వేస్తుండేది.

అత్త అంటే మా నాయనకు అక్క. గుండెజబ్బు మనిషి... నాలుగడుగులేస్తే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు. అయినా ఇంటికి పురుగులొచ్చాయంటే ఆమెను పట్టేవాళ్ళు లేరు. వేళకు తినేది, మాత్ర మరిచేది కాదు. నేను పడిపోతే వీటికి ఆకేసేదెవరని మమ్మల్నే గదమాయించేది.

పురుగులు మధ్యమధ్యలో ఆకు మానేసి, తలెత్తుకుని కదలకుండా ఉండిపోతాయి. పొర విడిచాక లేచి ఇంకా ఎక్కువ తింటాయి. తను మంచం పట్టినప్పుడల్లా అత్త వాటినే చూపించేది.

"నేనూ అట్లే లేస్తాను, చూస్తా ఉండు" అనేది. లేచేది కూడా...

ఒకసారి ఆయాసం ఎక్కువై హోసూరు ఆసుపత్రిలో చేర్చాం. బరువు పనులు వద్దన్నాడు డాక్టరు. మా నాయన ఇంకో అడుగు ముందుకేశాడు. అక్క మీది ప్రేమతో తట్టలన్నీ పక్కూరి వాళ్ళకిచ్చేసి, గది కడిగించి, అందులోనే ఆమెకు కొత్త మంచం వేయించాడు. ఇంక హాయిగా పండుకోమన్నాడు.

అత్తకు మెల్లగా తిండి తగ్గింది. మాత్రలు దిండు కింద దొరికేవి. ఎందుకు మింగలేదని అమ్మ అడిగితే, "లేచి ఏం చేయాల్నమ్మా?" అంది.

ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది. "చప్పుడు ఆగిపోయిందమ్మా... పురుగులు ఆకలితో ఉండాయి. ఆకు కొయ్యమని నాయనకు చెప్పు."

ఆ ఖాళీ గదిలో అంత నిశ్శబ్దం ఉందని అప్పటిదాకా నాకు తెలీలేదు. భయమేసి బయటికి పరిగెత్తాను. ఆ వారంలోనే అత్త పోయింది.

గుండె ఎప్పుడో పాడైంది, ఎట్లయినా ఇంతే అన్నాడు డాక్టరు. అయ్యుండొచ్చు... కానీ మా నాయన మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ మల్బరీ తోటంతా ఇళ్ళ ప్లాట్లు. అమ్మ హోసూరులో నా దగ్గరే ఉంటోంది, ఆమెకు కిడ్నీ జబ్బు. పొద్దున్నే ఆమె మేడ మీది గులాబీలకు బిందెతో నీళ్ళు మోస్తుంటే, "నువ్వు కూర్చోమ్మా" అనే మాట నోటిదాకా వస్తుంది. మింగేసి, బిందెకు ఒక చెయ్యి వేస్తాను...

మీ ఇంట్లో జబ్బు మనిషి పొద్దున్నే దేనికోసం లేస్తారో రాయండి. దాన్ని మాత్రం ప్రేమతో తీసేయకండి...