మెల్లిగా బాబాయి ఇంట్లో తాగే సీసా

మా కొట్టుకి వైన్ దిగుమతి చేసి ఇచ్చే ఆయన్ని అందరూ మెల్లిగా బాబాయి అంటారు. ఆయన మాకు చుట్టమేం కాదు, నాన్నకి స్నేహితుడు. లారీ వచ్చి ఆగిందంటే చాలు, పెట్టెలు దించేవాళ్ల వెనకాలే తిరుగుతూ "మెల్లిగా నాన్నా, మెల్లిగా" అంటాడు. వాళ్లు మోసేది ఖాళీ పెట్టె అయినా సరే. ఓసారి మా వదిన టీ కప్పు అందిస్తుంటే కూడా నోరు జారి అదే మాట అనేశాడు. దాంతో ఆవిడ ఆ రోజంతా మా అన్నయ్యకి పళ్లెం పెట్టినా, తలుపు వేసినా "మెల్లిగా" అనుకుంటూ నవ్వింది.

నాన్న పోయాక కొట్టు నా మీదా వదిన మీదా పడింది. అన్నయ్య బస్సు నడుపుతాడు, ఆయనకి ఈ వ్యాపారంలో ఓనమాలు తెలియవు. మాకూ అంతంత మాత్రమే. నాకు చదువు పెద్దగా అబ్బలేదు. సీసాల మీది పేర్లు పలకడానికే నోరు తిరిగేది కాదు. ఏది మంచిదో ఎలా తెలుస్తుందని బాబాయిని అడిగితే, ఓ సీసా అందుకుని వెనక్కి తిప్పి చూపించాడు. ముందు చీటీ మీద కోట బొమ్మ ఉంది. వెనక చీటీ మీద సరుకు తెచ్చినవాడి పేరు చిన్న అక్షరాల్లో ఉంది.

"బొమ్మ చూసి కొనకమ్మా. తెచ్చినవాణ్ని చూసి కొను" అన్నాడు.

దిగుమతి అంటే ఫోన్ చేసి తెప్పించుకోవడమే అనుకునేదాన్ని. ఆయన చెబితే గానీ అందులో ఎంత తతంగం ఉందో తెలియలేదు. ముందు తోటలకి వెళ్లాలి. పీపా పీపాలోంచీ రుచి చూసి ఉమ్మెయ్యాలి, మింగుతూ పోతే మధ్యాహ్నానికే మనిషిని మోసుకు రావాల్సి వస్తుంది. నచ్చితే ఆ రైతుతో బేరం కుదుర్చుకుని ఓడ ఎక్కించాలి. రేవులో దిగాక సుంకం కట్టాలి. అధికారులు నమూనా తీసి పరీక్షకి పంపుతారు, సీసాల మీద మన దేశపు చీటీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తారు. ఆ తర్వాతే గోదాం, గోదాం నుంచి మా కొట్టు. ఇన్ని చేతులు మారినా సరుకు చల్లగానే ఉండాలి. అందుకే ఫ్రిజ్ ఉన్న కంటైనర్‌లో తెప్పిస్తారు. వేడి తగిలితే వైన్ ఉడికిన పండులా చచ్చుబడిపోతుంది. పాలయితే విరిగినట్టు కంటికి కనిపిస్తుంది. ఇది సీసాలో ఉన్నంతసేపూ పెళ్లికూతురిలా మెరుస్తూనే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

మా వీధి చివర ఒక వంటాయన కొత్తగా హోటల్ పెడుతున్నాడు. మనిషి మంచివాడే గానీ మాట మిరపకాయ. ప్రారంభం రోజు భోజనాలకి వైన్ మీరే ఇవ్వండి, నచ్చితే ఇకముందూ మీ దగ్గరే కొంటానన్నాడు. అప్పటికి మా కొట్టు దింపుడు కళ్లం ఆశతో నడుస్తోంది. ఈ బేరం నిలబడితే కొట్టు నిలబడుతుంది. లేకపోతే తాళం వేసి నేను ఎవరి దుకాణంలోనో లెక్క కట్టాలి, వదిన మళ్లీ కుట్టుమిషన్ ముందు కూర్చోవాలి. బాబాయి సరుకు తెప్పించాడు. వెనక గదిలో పెట్టెలు పేర్చుకుని హమ్మయ్య అనుకున్నాం.

ప్రారంభానికి ముందురోజు పొద్దున్నే బాబాయి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ పెట్టెలు విప్పొద్దన్నాడు. ప్రతి లోడు లోంచీ ఒక సీసా ఇంట్లో విప్పి చూడటం ఆయనకి అలవాటు. అంతకు ముందురోజు విప్పితే రుచి తేడాగా ఉందట. రేవుకి వెళ్లి నాలుగు చోట్ల నిలదీస్తే అప్పుడు చెప్పారు, కంటైనర్‌కి కరెంటు పెట్టడం మరిచిపోయి ఎండలో వదిలేశారని.

వదిన ఒక సీసా వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పింది. "చూస్తే బానే ఉన్నాయిగా బాబాయ్?"

"చూస్తే బానే ఉంటాయి. తాగినా చాలామందికి తెలీదు."

"మరింకేం?"

"నాకు తెలిసిపోయిందిగా తల్లీ" అన్నాడు.

వదిన ఆ సీసాని పెట్టెలో పెట్టడానికి చోటు దొరకనట్టు చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. బాబాయి మంచినీళ్లు అడిగి తాగాడు. తాగి, పదండి ముక్కావిడ దగ్గరికి వెళ్దామన్నాడు.

ముక్కావిడ అంటే ఆయనకి పోటీగా వైన్ దిగుమతి చేసే ఆవిడ. చుక్క తాగకుండా వాసన చూసే సరుకు తేల్చేస్తుంది కాబట్టి ఆ పేరు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఆయన చూసుకున్న తోటని ఆవిడ ఎగరేసుకుపోయిందనీ, ఆవిడ కొట్లని ఈయన లాగేసుకున్నాడనీ ఏళ్ల తరబడి గొడవ. ఆవిడ గోదాంలో అడుగు పెడుతుంటే చలికి ఒకసారి, భయానికి ఒకసారి వణికాను.

ఆవిడ కళ్లజోడు పైకి తోసి చూసింది. "ఏమయ్యా, దారి తప్పావా, మతి తప్పిందా?"

బాబాయి నసగలేదు. సరుకు ఉడికిపోయిందనీ, రేపటికి ఈ పిల్లల మాట పోతుందనీ, ఆవిడ దగ్గరున్నది ఇప్పించమనీ అడిగాడు.

"నావి సీసాల్లో పోసిన నీళ్లని ఊరంతా చెప్పావటగా?"

"చెప్పాను. ఇంట్లో తాగేది మాత్రం మీవే."

పెట్టెలు సర్దుతున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆవిడ కళ్లజోడు తీసేసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"పెళ్లయినప్పటి నుంచి. మా ఆవిడకి నావి సయించవు."

ముందు గోదాం మనిషి ఫక్కున నవ్వాడు, తర్వాత ఆవిడా ఆపుకోలేకపోయింది. నవ్వు ఆగాక నన్ను కూర్చోబెట్టి వంటాయన ఏమేం వండుతున్నాడో, కారం ఎంత వేస్తాడో అన్నీ అడిగింది. అమ్ముడుపోని సరుకు అంటగడుతుందేమోనని భయపడ్డాను. అలా కాదు. ఒక్కో రకంలోంచీ ఒక సీసా విప్పించి వాసన చూసి మరీ ఏరి ఇచ్చింది, అందరికీ వేసే ధరే వేసింది.

ఇక మిగిలింది వంటాయన. సీసాలు మారాయి, ఎందుకు మారాయో ఇదీ సంగతి అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం మాడింది. భోజనాల కార్డు మీద పాత పేర్లు అచ్చయిపోయాయట. ఒక సీసా విప్పి కొంచెం తాగాడు, పొయ్యి మీది కూర ఇంత నోట్లో వేసుకున్నాడు, మళ్లీ కొంచెం తాగాడు.

"కార్డులు చించేస్తాను. పలక మీద సుద్దతో రాసుకుంటే సరి" అన్నాడు. గుమ్మం దాకా వచ్చి, చెడిపోయిందని తనంతట తానే చెప్పినవాడి సరుకు ఈసారి లోడు వచ్చాక తనక్కూడా కావాలన్నాడు.

అలా మా కొట్టు నిలిచింది. ఇవాళ్టికీ ఆ హోటల్‌కి మేమే ఇస్తున్నాం, ఇద్దరి సరుకూ ఇస్తున్నాం. బాబాయి ఆ పాడైన లోడులోంచి ఒక్క సీసా కూడా బయటికి పోనివ్వలేదు. బీమావాళ్లతో ఎన్ని తిప్పలు పడ్డాడో మా దగ్గర ఎత్తనైనా ఎత్తలేదు.

మీ రుణం తీర్చుకోలేను బాబాయ్ అంటే, నాదేముందమ్మా, సరుకిచ్చింది ఆవిడ, వెళ్లి ఆవిడకి చెప్పు అన్నాడు. వెళ్లి చెబితే, నాదేముంది, పంతం మింగి నా గుమ్మం తొక్కింది ఆయన, ఆయనకే చెప్పుకో అంది. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి చెప్పులరిగాయి గానీ, నా కృతజ్ఞత పుచ్చుకునే నాథుడు లేడు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. చదివి, ఇది నీ గురించేనని ఒకరి మీద ఒకరు తోసుకుంటే తోసుకోనివ్వండి.