రాజుగారి కోటు చేతులు

ఇది ఒక మహారాజుకీ ఒక స్త్రీకీ మధ్య జరిగిన మహాయుద్ధం. ఏనుగులు, ఫిరంగులు, పద్దెనిమిది పర్వాలు. సరే, అంత లేదు. రాజు పోయి చాలా కాలమైంది, ఆ స్త్రీ మా అమ్మ, ఏనుగు ఒకటే, అదీ పెయింటింగులో. నా కోపం మాత్రం ఒరిజినల్.

అమ్మ బొమ్మనహళ్ళి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పదహారేళ్ళుగా చొక్కాలకీ కోట్లకీ చేతులు కుడుతుంది. చేతులు మాత్రమే. మిగతా ఒళ్ళంతా వేరేవాళ్ళది. బెంగళూరులో ఇన్నేళ్ళుండి ఒక్క ప్యాలెస్ కూడా చూడలేదని ఒక ఆదివారం నేనే లాక్కుపోయాను. అద్దాల హాల్లో, "తుడిచేవాళ్ళకి ప్రాణం పోతాదప్పా" అని ముందుకు నడిచింది. గాజు బీరువాలో ఉన్న రాజుగారి జరీ కోటు దగ్గర మాత్రం ఆగిపోయింది.

"చేతులు తారుమారై ఉండాయి."

"రాజుల ఫ్యాషన్ ఏమోలేమ్మా."

"రాజుకైనా మోచెయ్యి ముందుకే వంగుతాది గదరా. ఇది ఎనక్కి వంగి ఉండాది చూడు. ఎవురో రిపేరు చేసి ఎడమది కుడికి ఏసినారు. కుట్టు కూడా కొత్తదే."

నిజమే. రాజుగారు వెనకనున్న ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టుంది.

పక్కనే టూరిస్టులకి అదే కోటు గొప్పతనం చెబుతున్న గైడుకి అమ్మ ఆ మాటే చెప్పింది.

"ఏం చదువుకున్నారమ్మా మీరు?" అన్నాడు. టూరిస్టులు నవ్వారు.

"చదువుకోలేదు సార్. కుడతాను."

"అది నిపుణులు చేసిన పని."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నిపుణుడు అమ్మ లైన్లో కూర్చుంటే సూపర్‌వైజరు టిఫిన్ టైముకే కోటు మొహాన కొట్టేవాడు. అమ్మ ఒక్క చెయ్యి తప్పు కుడితే ఫ్లోరంతా వినపడేలా తిడతారు. ఇక్కడ అదే తప్పుకి లైట్లు పెట్టి, తాకరాదని బోర్డు పెట్టారు. భూమి బద్దలయ్యే డైలాగొకటి చెబుదామని నోరు తెరిచాను. "మీరేం చదివారు?" అని మాత్రమే వచ్చింది.

చరిత్రలో ఎమ్మే అట.

"రేపు పదింటికి రండమ్మా, పెద్ద సారు ఉంటారు. ఆయనకి నేర్పించండి కుట్టు" అన్నాడు, టూరిస్టుల వైపు కన్నుకొట్టి.

నేను దాన్ని వెటకారమనుకున్నాను. అమ్మ అపాయింట్‌మెంట్ అనుకుంది.

"వద్దులేమ్మా, వాళ్ళ కోటు, వాళ్ళ ఖర్మ" అన్నాను బయటికొచ్చాక.

"నాకు తెలిసిన పని అదొక్కటే గదప్పా. అది కూడా తెలీదంటే ఎట్ల?"

జ్వరమొచ్చినా పెట్టని సెలవు ఫోన్ చేసి మరీ పెట్టింది. పెద్ద సారుకి తేడా చూపించడానికి ఒక చొక్కా చేతులు విప్పి, తారుమారుగా కుట్టి సంచిలో పెట్టుకుంది. పాతదేం కాదు, నా ఇంటర్వ్యూ చొక్కా. మర్నాడు రెండు బస్సులు మారి, పదింటికి ఐదు నిమిషాల ముందే గేటు దగ్గర దిగాం.

సోమవారం ప్యాలెస్‌కి సెలవు.